పొదుపైన నీళ్లు ఎవరి పొలానికి?

కరువు వచ్చినప్పుడల్లా రైతుకు నీటి పొదుపు గురించి బోధించేవాళ్లు ఎక్కువవుతారు. మాట మంచిదే. కాని పొదుపు చేయాలంటే ముందు నీళ్లుండాలి కదా! మేము ఇక్కడి నుంచే మొదలుపెడతాం.

ముందు లెక్క చూద్దాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4 వేల లీటర్లు. వరికి పంటకాలమంతా దాదాపు 1,200 మిల్లీమీటర్లు కావాలి. అనంతపురంలో ఏడాదంతా కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మిగతాది బోరు తోడాల్సిందే. అదే వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు 50 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడులిస్తే చాలావరకు పంట దక్కుతుంది. వరికి సగం నీళ్లు వానే ఇచ్చిందనుకున్నా, ఎకరం వరికి తోడే నీళ్లతో ఆరెకరాల వేరుశనగ గట్టెక్కుతుంది.

అయితే ఆ ఆరెకరాలు ఎవరివి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. తెలంగాణ ఏర్పడ్డాక ఎస్సీ, ఎస్టీ రైతులకు డ్రిప్ మీద 100 శాతం సబ్సిడీ అన్నారు. కాని డ్రిప్ పైపుకు మొదట్లో బోరుండాలి. దళితులకు పంచిన అసైన్డ్ భూములు ఎక్కువచోట్ల రాళ్లగుట్టల పక్కన, చెరువు నీళ్లెక్కని మెరకమీద ఉన్నాయి. బోరు లేనివాడికి నూరుశాతం సబ్సిడీ ఏం జేస్తది? బోరున్న ఆసామి మాత్రం డ్రిప్‌తో మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం సాగు చేస్తాడు. భూగర్భజలం అట్లాగే దిగిపోతుంది. పొదుపు ఆయనది, కరువు పక్కవాడిది.

నీళ్లు కొలిచి పంచడం దళితులకు కొత్త విద్య కాదు. తెలంగాణలో నీరటి, సీమలో నీరుగంటి ఎక్కువచోట్ల దళితుడే. తూము ఎప్పుడు తియ్యాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో ఆయనకే తెలుసు. అందరి పొలాలూ తడిపినవాడికి ఆయకట్టులో దక్కిన భూమి మాత్రం తక్కువ.

అందుకే పరికరం కంటే ముందు వాటా తేలాలి. అసైన్డ్ భూములకు ఉమ్మడి బోర్లు, వాటిని కలిపే పైపులైన్లు కావాలి. పంట వేసేముందే ఊళ్లో నీళ్ల లెక్క తీసి, ప్రతి కుటుంబానికి కనీసం రెండు తడులు రాసిపెట్టాలి. కార్యకర్తలు, విద్యార్థులు తమ ఊళ్లో ఏ బోరు ఎవరిది, ఏ డ్రిప్ ఎవరి చేనులో ఉందో రాసుకొస్తే చాలు, ఈ పొదుపు ఎవరికి చేరిందో అదే చెప్తుంది.