డెల్టా విద్యార్థి - విజ్ఞానశాస్త్రం

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన నాటినుండి కోనసీమలో గాని, భీమవరం ప్రాంతంలో గాని ఏ యింట విన్నా ప్రశ్న ఒక్కటే: "అబ్బాయి ఇంజనీరింగా? డాక్టరీయా?" ఆ రెండూ దక్కనివాడు బి.యస్సీ.లో చేరుతాడు. కోరి చదువవలసిన శాస్త్రం, తక్కిన తలుపులు మూసుకొన్న తరువాత తట్టే తలుపుగా మారిపోయినది.

ఇందుకు విద్యార్థిని నిందించడం సులభమే గాని న్యాయం కాదు. ఇంజనీరు నాలుగేండ్లలో జీతగాడు కావచ్చును. శాస్త్రజ్ఞుడు కాగోరిన వానికి బి.యస్సీ., ఎం.యస్సీ., ఆపైన పరిశోధన - ఇవన్నీ ముగిసేసరికి ముప్పది యేండ్లు సమీపిస్తాయి. రెండెకరాల చేను తాకట్టుపెట్టి చదివించిన తండ్రి అంతకాలం ఎదురుచూడగలడా?

ఈ చిక్కు నేటిది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, యం.బి.బి.యస్. పట్టానికి మారుగా ఎల్.యం.యస్.తో తృప్తిపడవలసి వచ్చినది. 1923లో ఆయన అమెరికా చేరడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ధనసహాయం ఆధారమైనది. బోస్టనులో ఆసుపత్రి కూలిపనులు చేసి పొట్టపోసుకొంటూ హార్వర్డులో చదివినాడు. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. జీవరసాయనం చదివే విద్యార్థులు ఆ జంటపేరును నేటికీ ఎరుగుదురు; అందులో రెండవవాడు తమ పొరుగూరివాడని ఎందరెరుగుదురో!

1940లో లెడర్లే ప్రయోగశాలకు మారిన పిమ్మట ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములను అణచే మందును వెలువరించినది కూడ ఆ బృందమే. గోదావరి జిల్లాలకు బోదకాలు పాతపగ. ఆ వ్యాధి నిర్మూలనకై ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. స్వస్థలాన్ని తిరిగి చూడకుండానే 1948లో ఆయన కన్నుమూసినాడు. మాత్ర మాత్రం ఊరు చేరినది.

శాస్త్రమంటే సముద్రాలు దాటడమే అనుకోనక్కరలేదు. పశ్చిమ గోదావరిలోని మార్టేరులో 1925లో వరి పరిశోధన కేంద్రం వెలసినది. 1982లో అక్కడినుండి విడుదలైన 'స్వర్ణ' రకం ఒడిస్సా, వంగదేశాల పొలాలదాకా వ్యాపించినది. రైతులు దానిని ఎం.టి.యు. 7029 అని కూడ పిలుస్తారు. ఆ అక్షరాలు మార్టేరువే. ఒడిస్సాకు చెందిన ఒక పాత వరిరకంలోని ముంపునోర్చే గుణాన్ని స్వర్ణకు చేర్చగా ఏర్పడిన రకం 2009లో రైతులకు అందినది. సుమారు రెండు వారాలు నీటమునిగినా అది తిరిగి తలయెత్తగలదు. ఏటా వరద భయంతో నారు పోసే డెల్టా రైతుకు ఆ రెండు వారాల విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

అయినా మన ప్రయోగశాలలలో జరిగేదేమి? జవాబు ముందే తెలిసిన ప్రయోగం, నిరుటి విద్యార్థి రికార్డు నుండి ఎక్కించిన అంకెలు. జవాబు తెలియని ప్రశ్న యెదుట నిలవడమెట్లాగో పిల్లవానికి ఎవరూ చూపరు. ఒక పూట మార్టేరు గట్లపైకి తీసుకొనిపోయి, ఒక సంకరరకం స్థిరపడడానికి ఎన్ని పంటలు ఎదురుచూడవలెనో అక్కడివారిచేతనే చెప్పించే ఉపాధ్యాయుడున్నచో, ఆ తరగతిలో ఒక్కడైనా తనకు తానై బి.యస్సీ. కోరవచ్చును.

ఇక కోరినవానిని నిలబెట్టే దెవరు? మెట్రిక్యులేషనులో రెండుసార్లు తప్పిన కుర్రవాని పైచదువుకు కాకినాడ ధర్మసంస్థ ఆనాడు చేయూత నిచ్చినది. ఎం.యస్సీ. ముగించి పరిశోధనకు పోదలచిన అమలాపురం పిల్లకు ఈనాడు ఆ అయిదేండ్లు ఎవరిస్తారు?