పసుపు దేనికి పనిచేస్తది? దేనికి చెయ్యది?

ఈసారి మన గోడ పత్రికలో నేను పసుపు గురించి రాస్తున్నాను. పసుపు అందరికీ తెలిసిందే గదా అనుకోకండి. చివరి వరకు చదవండి.

మన నిజామాబాద్ జిల్లా పసుపుకు పేరు పొందినది. ఆర్మూర్, బాల్కొండ వైపు ఎక్కువగా పండిస్తారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డును నిజామాబాద్‌లోనే ప్రారంభించారు. మన ఇందల్వాయి తండాల నుంచి మా యాడి లాంటి వాళ్లు పసుపు తవ్వడానికి కూలికి పోతరు. (మా భాషల అమ్మను యాడి అంటరు.) తవ్విన దుంపలను ఉడకబెట్టి, కళ్లంల పది పదిహేను రోజులు ఎండబోస్తరు. ఎందుకు? పచ్చి దుంపల నీళ్లు ఎక్కువ ఉంటయి. అట్లనే కుప్ప పోస్తే బూజు పడతది. పసుపుకే బూజు పడతదా అని మీరు అడగవచ్చు. పడతది! దీన్ని బట్టి ఒకటి అర్థమైతది. పసుపుకు క్రిములను ఆపే గుణం ఉన్నది గాని, అది అన్నిటినీ ఆపలేదు.

పసుపులో ఏమున్నది?

పసుపుకు రంగు ఇచ్చే పదార్థం పేరు కుర్కుమిన్. 100 గ్రాముల పసుపులో ఇది సుమారు 2 నుంచి 5 గ్రాములు ఉంటుంది. ప్రయోగశాలలో గాజు గిన్నెలో బాక్టీరియాను పెంచి కుర్కుమిన్ వేస్తే కొన్ని రకాలు పెరగకుండా ఆగినవి. కాని కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. మనం తిన్నా రక్తంలోకి చాలా తక్కువ పోతుంది. అందుకని గాజు గిన్నెల చేసిన పని మన ఒంట్ల కూడా చేస్తదని చెప్పలేము.

పులిహోర ఎందుకు ఆగుతది?

పప్పుల పసుపు వేస్తరు. అయినా ఎండకాలం పొద్దున వండిన పప్పు రాత్రికి పాసిపోతది. పులిహోరల కూడా పసుపే వేస్తరు. అది జాతరకు మూట కట్టుకొని పోయినా సాయంత్రం దాకా ఉంటది. రెండిట్లో పసుపు ఉన్నది గదా, మరి తేడా ఎక్కడ? చింతపండులో, ఉప్పులో ఉన్నది.

చింతపండు పులుపు ఒక ఆమ్లం, పేరు టార్టారిక్ ఆమ్లం. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని సిద్ధబీజాలు అన్నం వండినా చావవు. అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పులుపు బాగా ఉంటే ఈ బాక్టీరియా సరిగా పెరగలేదు. పులుపు తక్కువ వేసి పసుపు ఎక్కువ వేస్తే రంగు వస్తది గాని అన్నం ఆగదు.

ఉప్పు చేసే పని మనం సైన్స్‌లో చదివిన ద్రవాభిసరణమే. కిస్మిస్‌ను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని గట్టి ఉప్పు నీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది. ఉప్పులో పడిన క్రిమి కూడా ఇట్లనే నీళ్లు పోగొట్టుకుంటుంది. చెరుకు నుంచి వచ్చే చక్కెర, బెల్లం కూడా ఇదే పని చేస్తాయి. కాని వానకాలం బెల్లం చెమ్మగిల్లితే బూజు పడతది. నీళ్లు చేరినయి కాబట్టి!

వెల్లుల్లి, ఆవాలు కూడా క్రిములను ఆపుతాయి. అయితే వాటిని దంచాలి. దంచినప్పుడే వెల్లుల్లిలో అల్లిసిన్ తయారైతది. ఆవాల ఘాటు కూడా నూరి తడిపితేనే పుడతది. పచ్చట్ల ఆవపిండి, ఉప్పు, పులుపు, నూనె అన్నీ కలిసి పనిచేస్తాయి. ఒక్క తడి చెంచా పెడితే మళ్లీ బూజే.

మరి దెబ్బకు పసుపు పెట్టవచ్చా?

పెద్దలు చెప్పింది అబద్ధం కాదు. 1995లో అమెరికాలో పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంట్ ఇచ్చారు. ఇది మా దేశంలో ఎప్పటి నుంచో తెలుసని మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. అభ్యంతరం చెప్పింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అయితే తెలిసిన సంగతి అని రుజువైంది గాని, అన్ని దెబ్బలు మానుతయని కాదు.

మా తండాల ఒక చెల్లెకు చెరుకు కొట్టే కత్తి కాలికి లోతుగా తెగింది. ఇంట్లోళ్లు పసుపు అద్ది గుడ్డ కట్టిన్రు. నాలుగో రోజుకు కాలు ఉబ్బి జ్వరం వచ్చింది. దవాఖానల కడిగి, చీము తీసి, సూది వేసిన్రు. బతికింది. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. గాలి తగలని లోతు గాయంలో పెరుగుతుంది. పైన పూసిన పసుపు అక్కడికి చేరదు. పైగా పసుపు పొడిలో కూడా సిద్ధబీజాలు ఉండవచ్చు. పుట్టిన పిల్లల బొడ్డుకు కూడా పసుపు, నూనె, బూడిద ఏదీ పెట్టవద్దని, శుభ్రంగా పొడిగా ఉంచాలని నర్సమ్మలు చెప్తరు.

మందు కూడా ప్రకృతి నుంచే వస్తుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు పెద్దగా ఉన్నారు. అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. మట్టిలో దొరికింది గదా అని ఎవరైనా పుండుకు మట్టి పూస్తరా? పనికొచ్చే పదార్థాన్ని వేరు చేసి, శుద్ధి చేసి, కొలిచి ఇస్తేనే అది మందు.

గుర్తు పెట్టుకోండి

1. పసుపు, ఉప్పు, పులుపు తిండిని కొంతసేపు కాపాడుతయి. చెడిపోయిన దాన్ని బాగు చేయవు.
2. లోతు దెబ్బను సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు దవాఖానకు పోవాలి.
3. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు వేయండి. మంచిదైతే అడుగుకు దిగి నీళ్లు లేత పసుపుగా ఉంటయి. నీళ్లు ముదురు రంగైతే కల్తీ ఉండవచ్చు.

మా ఇంట్ల చదువు నేర్చింది నేనే మొదలు. సెలవులకు పోయినప్పుడు ఇది మా యాడికి చదివి వినిపిస్త. మీరు కూడా మీ ఇంట్ల చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని