పసిగుడ్డుకు నొప్పి తెలియదా?

ఏడో నెలలోనే పుట్టిన మనవడిని చూడటానికి తెనాలి నుంచి ఇంగ్లండు వచ్చిన ఒక అమ్మమ్మగారు మమ్మల్ని అడిగారు: "ఇన్నిసార్లు సూది గుచ్చుతున్నారు గదా బాబూ, వాడు ఏడవనైనా ఏడవడేం? నొప్పి తెలియదా?"

తెలుస్తుంది. గొంతులో శ్వాసగొట్టం ఉన్న బిడ్డకు ఏడుపు బయటికి రాదు. మరీ చిన్న పిల్లలకు ఏడవడానికి ఓపికా ఉండదు.

అమ్మమ్మగారి సందేహమే ఒకప్పుడు చాలామంది వైద్యుల నమ్మకం. పసివాళ్ళ నరాలు ఇంకా పక్వానికి రాలేదనీ, మత్తుమందు ప్రమాదమనీ, 1980లలో కూడా తగిన నొప్పిమందు లేకుండానే వాళ్ళకు ఆపరేషన్లు చేసిన సందర్భాలున్నాయి. భారతదేశంలో వైద్యం చదివిన డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, ఆయన సహచరులు ఆక్స్‌ఫర్డులో చేసిన పరిశోధన 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఫెంటనిల్ అనే మందు కూడా ఇచ్చిన బిడ్డలకు ఆపరేషను తర్వాత చిక్కులు తగ్గాయని అందులో తేలింది.

ఆపరేషన్ల సంగతి మారింది. రోజువారీ సూదిపోట్ల సంగతి అంత త్వరగా మారలేదు. పారిస్ ప్రాంతంలో 430 మంది శిశువులను గమనించి 2008లో ప్రకటించిన లెక్క ప్రకారం, నొప్పి కలిగించే పనుల్లో నూటికి 79 ప్రత్యేక ఉపశమనమేదీ లేకుండానే జరిగాయి.

ఉపాయాలు చిన్నవే. అక్కరలేని రక్తపరీక్ష మానెయ్యడం మొదటిది. సూదికి రెండు నిమిషాల ముందు నాలుక మీద కొద్ది చుక్కల చక్కెర ద్రావణం వేస్తాము. చేతులూ కాళ్ళూ దగ్గరికి ముడిచి అరచేతులతో పొదివి పట్టుకుంటాము. వీలైతే తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెడతాము. పెద్ద నొప్పులకు మాత్రం మందులే కావాలి. ఆ చక్కెర ద్రావణం ఆసుపత్రిలో కొలిచి ఇచ్చేది. దాన్ని చూసి ఇంట్లో పసిపిల్లలకు పంచదార నీళ్ళు, తేనె పట్టవద్దని మనవి.

పని ఒత్తిడిలో ఆ రెండు నిమిషాలూ మేము ఆగని రోజులున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు. మనవాళ్ళు డాక్టరును అడగడానికి మొహమాటపడతారు. "బిడ్డకు నొప్పి తగ్గించడానికి ఏం చేస్తున్నారు? మేము పట్టుకోవచ్చా?" అని అడగండి. ఎవరూ తప్పుపట్టరు.

ఆ బిడ్డ తల్లి ముట్టుకోవడానికే భయపడేది. మరుసటి పరీక్షకు నర్సు సాయంతో వాణ్ణి ఆమె గుండెల మీద పడుకోబెట్టి మడమ గుచ్చాము. నుదురు ముడుచుకుంది, కాసేపటికే విప్పుకుంది. అమ్మమ్మగారు మళ్ళీ ఏమీ అడగలేదు.