ఎవరి పాపం? హైతి పేదరికంపై క్రైస్తవ చింతన

2010 జనవరి 12న హైతి రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ సమీపంలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. శిథిలాల కింద మనుషులు ఇంకా ప్రాణాలతో ఉండగానే, మరునాడు అమెరికాలో ఒక ప్రసిద్ధ టెలివిజన్ మతబోధకుడు ఆ విపత్తుకు కారణం చెప్పాడు. ఫ్రెంచివారి నుండి విముక్తి పొందడానికి హైతీయుల పూర్వులు సాతానుతో ఒప్పందం చేసుకున్నారట. నాటి నుండి ఆ దేశానికి శాపం పట్టుకుందట. ఆ మాటను క్రైస్తవులలోనే అనేకులు ఖండించారు. అయినా దాని వెనుక ఉన్న ఆలోచన చాలా పాతది. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసిన శిష్యులు యేసును అడిగినది దాదాపు ఇదే: పాపం ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా? కర్మ, తలరాత అనే మాటల మధ్య పెరిగిన తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తగా తోచదు. యేసు మాత్రం ఆ రెండు సమాధానాలనూ తోసిపుచ్చాడు.

అదే ఏడాది ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో భూమి కంపించింది. విడుదలైన శక్తి లెక్కన అది హైతి భూకంపానికి సుమారు 500 రెట్లు. చిలీలో మృతులు 500కు కాస్త అటూ ఇటూ. హైతిలో లక్షకు పైగా అని ఎక్కువ అంచనాలు. భూకంప కేంద్రం రాజధానికి దగ్గరగా, తక్కువ లోతులో ఉండడం ఈ తేడాకు కొంత కారణం. కానీ పెద్ద కారణం ఇళ్లు: ఇనుము చాలని కాంక్రీటు, కొండవాలున కిక్కిరిసిన పేదవాడలు. అంటే అక్కడ మనుషులను చంపినది భూకంపం కన్నా పేదరికమే. మరి ఆ పేదరికం ఎక్కడి నుండి వచ్చింది?

పద్దెనిమిదవ శతాబ్దిలో సాన్ దొమింగ్ పేరుతో ఆ నేల ఫ్రాన్సుకు అత్యంత లాభదాయకమైన వలస. ఐరోపా తాగిన కాఫీలో సగానికి పైగా, తిన్న చక్కెరలో పెద్ద వాటా అక్కడి బానిసల శ్రమే. ఆ బానిసలు తిరుగుబాటు చేసి, నెపోలియన్ సేనలను ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్ర దేశాన్ని ప్రకటించుకున్నారు. 1825లో ఫ్రెంచి రాజు పదవ చార్లెస్ 14 యుద్ధనౌకలను పంపి, స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు ఐదు వాయిదాలలో చెల్లించాలన్నాడు. ఇది వలస యజమానులు కోల్పోయిన ఆస్తికి పరిహారం. ఆ ఆస్తి లెక్కలో విముక్తులైన మనుషుల వెల కూడా ఉంది. తమను తాము విడిపించుకున్నవారు తమ ధరను తామే చెల్లించాలన్నమాట! మొదటి వాయిదా కట్టడానికి హైతి ఫ్రెంచి బ్యాంకుల నుండే 3 కోట్ల ఫ్రాంకులు అప్పు చేసింది. రుసుములు పోగా చేతికి వచ్చినది 2 కోట్ల 40 లక్షలు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఆ పరిహారమూ, దానికోసం తెచ్చిన అప్పులూ వడ్డీలతో సహా పూర్తిగా తీరేసరికి 1947 వచ్చింది. బడులు, రోడ్లు, ఆసుపత్రులు కట్టవలసిన కాఫీ రాబడి నూరేళ్లకు పైగా ఓడలెక్కి పోయింది.

ఇందులో క్రైస్తవ సమాజం చేతులు శుభ్రంగా లేవు. 1685 నాటి ఫ్రెంచి బానిస చట్టం బానిసలందరికీ జ్ఞానస్నానం ఇవ్వాలని ఆదేశించింది. ఆత్మను రక్షించి దేహాన్ని అమ్ముకోవడంలో దానికి వైరుధ్యం కనిపించలేదు. స్వతంత్ర హైతితో వాటికన్ ఒడంబడిక చేసుకున్నది 1860లో గాని కాదు.

క్రైస్తవ చింతనలో పేదరికానికి కారణాలు వెతికే ధోరణులు స్థూలంగా రెండు. మనిషి హృదయంలోని లోభం, సోమరితనం, అవినీతి దగ్గర ఒకటి మొదలవుతుంది. దానిని కొట్టిపారేయలేము: 1957 నుండి 1986 వరకు డువాలియర్ తండ్రీకొడుకులు సొంత ప్రజలనే దోచుకున్నారు. రెండవది పాపాన్ని చట్టాలలో, ఒప్పందాలలో, భూమి పంపకంలో చూస్తుంది. 1968లో కొలంబియాలోని మెదెయీన్‌లో సమావేశమైన లాటిన్ అమెరికా బిషప్పులు ఇటువంటి అన్యాయాన్ని వ్యవస్థీకృత హింసగా గుర్తించారు. పెరూ దేశపు ఫాదర్ గుస్తావో గుతియెరెజ్ 1971లో విమోచన వేదాంతాన్ని గ్రంథస్థం చేస్తూ, ఆత్మలో వినయమనే అర్థంలో చెప్పే 'దీనత్వాన్ని' ఆకలితో కలపరాదని, ఆకలి దేవుని చిత్తానికి విరుద్ధమైన కీడు అని వాదించాడు. ఇందులో మార్క్సిజం పాలు ఎక్కువైందని 1984లో వాటికన్ హెచ్చరించింది. ఆ హెచ్చరికలోనూ కొంత నిజముంది. కానీ హైతి చరిత్ర చదివాక మొదటి ధోరణి ఒక్కటే చాలునని అనడం కష్టం.

గుతియెరెజ్ ఆలోచనను వైద్యంలోకి తెచ్చినవాడు పాల్ ఫార్మర్. అమెరికన్ వైద్యుడు, మానవ శాస్త్రవేత్త, కాథలిక్కు. హైతి మధ్య పీఠభూమిలోని కాంజ్ గ్రామంలో ఆయన పనిచేశాడు. 1956లో కట్టిన పెలీగ్ర్ ఆనకట్ట వల్ల సారవంతమైన పొలాలు మునిగిపోగా, కొండ మీదికి చేరిన రైతుల ఊరు అది. కరెంటు వెళ్లినది మాత్రం రాజధానికి. అక్కడ క్షయ రోగులు మందులు సగంలో మానేసేవారు. మంత్రప్రయోగం వల్ల రోగం వచ్చిందన్న నమ్మకమే అందుకు కారణమని కొందరు, నిర్లక్ష్యమని కొందరు. ఫార్మర్ బృందం ఒక వర్గానికి మందులు మాత్రమే ఉచితంగా ఇచ్చింది. మరొక వర్గానికి మందులతో పాటు తిండికి, ప్రయాణానికి నెలనెలా కొంత డబ్బు, ఇంటికి వచ్చి చూసే ఆరోగ్య కార్యకర్తను ఇచ్చింది. రెండవ వర్గంలో అందరికీ నయమైంది. మొదటి వర్గంలో ఇంచుమించు సగం మందికే. మంత్రాలపై నమ్మకానికీ, నయం కావడానికీ సంబంధమే కనిపించలేదు. 'రోగి మాట వినడు' అని కేస్ షీటులో రాయడం వైద్యులకు సులభం. శాపం అనడం కూడా అంతే సులభం.

2010 అక్టోబరులో హైతిలో కలరా మొదలైంది. అంతకు ముందు శతాబ్దంలో అక్కడ కలరా నమోదు కాలేదు. ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల శిబిరం నుండి మురుగు నదిలో కలిసి రోగం వ్యాపించింది. సుమారు పదివేల మంది మరణించారు. 2016 డిసెంబరులో ఆ సంస్థ ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పాడు.

క్షమాపణ తరువాత ఏమిటన్న ప్రశ్నకు బైబిలులో స్పష్టమైన ఆధారాలున్నాయి. లేవీయకాండం 25వ అధ్యాయం చెప్పే సునాద సంవత్సరంలో, అంటే ఏభయ్యవ ఏట, కోల్పోయిన భూమి తిరిగి ఆ కుటుంబానికే చేరాలి. దీనులు ఎల్లప్పుడూ మీతో ఉంటారన్న యేసు మాటను పేదరికం తప్పదనడానికి తరచూ వాడుకుంటారు. ఆ మాటకు మూలమైన ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ఏడేళ్లకొకసారి అప్పులు మాఫీ చేయమంటున్న సంగతి గుర్తుండదు. ఈ పునాది మీదే బ్రిటన్‌లో 'జూబిలీ 2000' ఉద్యమం లేచింది. 1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో జి-8 దేశాధినేతల సమావేశం చుట్టూ సుమారు 70 వేల మంది మానవహారం కట్టారు. పేద దేశాల రుణమాఫీ విస్తరించడానికి ఆ ఒత్తిడి తోడ్పడింది. 2009లో హైతికి సుమారు 120 కోట్ల డాలర్ల అప్పు రద్దయింది.

రుణమాఫీ వేరు, తీసుకున్నది తిరిగి ఇవ్వడం వేరు. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. మొదటిది దానం, రెండవది లెక్క. 2003లో హైతి అధ్యక్షుడు అరిస్టీడ్, పూర్వం కాథలిక్ ప్రీస్టు, ఫ్రాన్సును 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగి ఇమ్మన్నాడు. మరుసటి ఏడాదే పదవి కోల్పోయి దేశం విడిచాడు. ఆ రాజాజ్ఞకు రెండువందల ఏళ్లు నిండిన 2025 ఏప్రిల్ 17న ఫ్రెంచి అధ్యక్షుడు మాక్రాన్, దాని పర్యవసానాలను పరిశీలించడానికి రెండు దేశాల చరిత్రకారులతో ఒక సంఘాన్ని ప్రకటించాడు. డబ్బు తిరిగి చెల్లిస్తామన్న హామీ ఆ ప్రకటనలో లేదు.