ఏ వస్తువుకు ఏ డబ్బా?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్ళల్లో వంటింటి అలమారా తెరిచి చూడండి. స్టీలు డబ్బాలుంటాయి. ప్లాస్టిక్ డబ్బాలుంటాయి. గాజు సీసాలుంటాయి. ఒక మూల పచ్చడి జాడీ ఉంటుంది. అన్నిట్లో అన్నీ దాచవచ్చా? కూడదు. గిన్నెకూ తిండికీ పొత్తు కుదరాలి. కుదరకపోతే తిండి చెడుతుంది. ఒక్కోసారి ఒళ్ళూ చెడుతుంది.

పులుపు - లోహం

సిల్వర్ గిన్నె అంటారు గానీ అది వెండి కాదు, అల్యూమినియం. కొందరు సత్తు గిన్నె అంటారు. చింతపండు, నిమ్మ, టమాట, పెరుగు - వీటన్నిట్లో పులుపు ఉంది. పులుపు ఆ లోహాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఉప్పు తోడైతే మరీ తొందర. కరిగిందంతా కూరలో కలుస్తుంది. పాత సిల్వర్ గిన్నెలో చిన్న చిన్న గుంటలు చూసే ఉంటారు. అవి అలా పడినవే.

కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో మజ్జిగ ఉంచితే చిలుం పడుతుంది. అది తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. కళాయి అంటే తగరం పూత. అది అరిగితే మళ్ళీ వేయించాలి.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1958లో కూనూరు నుంచి హైదరాబాదు వచ్చింది. 2024లో ఆ సంస్థ తిండి గురించి సలహాలు ఇచ్చింది. పచ్చళ్ళు, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో నిలవ ఉంచొద్దని చెప్పింది.

ఆవకాయకు జాడీ

పులుపూ ఉప్పూ పింగాణీని ఏమీ చేయలేవు. గాజు సీసా కూడా మంచిదే. కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి వాడాలి. తడి గరిటె పెట్టొద్దు, బూజు పడుతుంది. పైన నూనె తేలాలి. జాడీకి శుభ్రమైన గుడ్డతో వాసెన కట్టాలి. లోపల పూత పగిలిన జాడీ వద్దు.

బియ్యానికి, పప్పుకు స్టీలు

స్టీలు తుప్పు పట్టదు. మూత గట్టిగా పడితే పురుగు దూరదు. ఎండబోసిన పప్పు చల్లారాకే డబ్బాలో పోయాలి. పాత పప్పు మీద కొత్తది పోయకూడదు. పాతదానిలోని పురుగు కొత్తదానికి పాకుతుంది.

అశోక్‌నగర్ సందులో సామాన్ల ఆమె గంప దించింది.

"రెండు పాత చీరలకు ఆరు ప్లాస్టిక్ డబ్బాలిస్తా, అమ్మా!"

"ఆరు వద్దమ్మా. మూత గట్టిగా పడే స్టీలు డబ్బా ఒక్కటియ్యి చాలు" అంది ఆ ఇంటి కోడలు.

బేరం బాగుంది కదా!

ప్లాస్టిక్ డబ్బా తిరగేయండి

అడుగున ముక్కోణంలో ఒక అంకె ఉంటుంది. అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది. 1 అంటే నీళ్ళ సీసాల రకం. అందులో వేడివి పోయొద్దు. 2, 5 రకాలను తిండి డబ్బాలకు ఎక్కువగా వాడతారు. 3, 6 ఉంటే తిండికి వద్దు. గ్లాసు, ముళ్ళ చెంచా బొమ్మ కూడా వెతకండి. తిండికి పనికొస్తుందని దాని అర్థం. ఏ ప్లాస్టిక్‌లోనైనా చల్లారాకే పోయడం మేలు. రంగుల డబ్బా, పురుగుమందుల డబ్బా ఎంత కడిగినా తిండికి పనికిరావు.

మిర్చి బజ్జీలు న్యూస్‌పేపర్‌లో కట్టించుకోకండి. పేపరు సిరా నూనెకు అంటుకుని కడుపులోకి పోతుంది. తిండిని న్యూస్‌పేపర్‌లో చుట్టకూడదని 2018 నాటి కేంద్ర ఆహార భద్రత నిబంధనలు కూడా చెబుతున్నాయి.

అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. ముందు సిల్వర్ గిన్నెలోని పులుసును, పచ్చడిని గాజు సీసాలోకో స్టీలు గిన్నెలోకో మార్చండి. దానికి ఖర్చేమీ లేదు.

చేసి చూడండి

1. మీ ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలు ఎన్ని? వాటి అడుగున ఉన్న అంకెలు రాయండి.
2. ఏ డబ్బాలో ఏముందో కాగితం మీద రాసి అంటించండి.