టెంటా... రూమా?

ఆవకాయను గాజు సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చే పని నాకు అప్పజెప్పింది మా అన్నయ్య కూతురు. ‘గాజు సామాను లోపలికి రానివ్వరు బాబాయ్, గేటు దగ్గరే తీసేసుకుంటారు’ అంది. 2023 జూన్. ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఆమె ఉండే ఫ్లాటులో నేలంతా పరుచుకుని రెండు వీపు సంచులు, ఒక టెంటు, రెండు స్లీపింగ్ బ్యాగులు, తలకు కట్టుకునే టార్చిలైటు, పులిహోర డబ్బాలు. మర్నాడు పొద్దున్నే గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవానికి ప్రయాణం. నాకు యాభై రెండేళ్లు. నా మోకాళ్లకు ఇంకో పదేళ్లు ఎక్కువే ఉంటాయి.

నిజానికి ఆర్నెల్ల ముందే చెప్పాను, ‘నువ్వు టెంట్‌లో ఉండు బిడ్డా, నేను దగ్గర్లో ఎక్కడైనా రూము తీసుకుంటా’ అని.

‘మేడారం పోయి లాడ్జిలో దిగుతావా బాబాయ్?’ అంది.

మాది హనుమకొండ. చిన్నప్పుడు మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు పోతే జంపన్నవాగుకు కాస్త ఎడంగా నాలుగు కర్రలు పాతి, అమ్మ చీరలు, దుప్పట్లు చుట్టూ కట్టి, ఆ నీడలో ఇరవై మందిమి పడుకునేవాళ్లం. ఆ జ్ఞాపకాన్ని నా మీదికే తిప్పికొట్టేసరికి నోట మాట రాలేదు. చివరికి బేరం కుదిరింది. మొదటి రెండు రాత్రులు టెంటు, తర్వాతి రెండు రాత్రులు బయట రూము, ఆఖరి రాత్రి సంగతి అప్పటికి చూసుకుందాం.

పాల రైతు పొలంలో పండగ

గ్లాస్టన్‌బరీ పేరుకు ఆ ఊరిది గానీ, పండగ జరిగేది అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో పిల్టన్ అనే పల్లెలో, వర్తీ ఫార్మ్ అనే పాడి రైతు పొలంలో. 1970 సెప్టెంబరులో మైకేల్ ఈవిస్ అనే ఆ రైతు మొదటిసారి కచేరీ పెట్టినప్పుడు టికెట్ ఒక్క పౌండు, దాంతోపాటు పొలంలో పితికిన పాలు ఉచితం. వచ్చినవాళ్లు పదిహేను వందల మంది. ఇప్పుడు 900 ఎకరాల పైచిలుకు నేల మీద రెండు లక్షల మంది ఐదు రోజులు కాపురముంటారు. మధ్యమధ్య కొన్నేళ్లు పండగ ఆపి, నేలకు విశ్రాంతినిస్తారు. 2018లో అలాగే చేశారు, 2026నూ అలాగే వదిలేశారు. చేను బీడు పెట్టడం తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మేం కొన్న టికెట్ ఒక్కొక్కటి 335 పౌండ్లు, బుకింగ్ రుసుము ఇంకో ఐదు. ముందే ఫొటోతో పేరు నమోదు చేసుకుంటే తప్ప అమ్మరు, కొన్నాక ఇంకొకరికి ఇవ్వడానికి కుదరదు. టెంటు వేసుకునే జాగా ఆ ధరలోనే కలిసి ఉంటుంది. రూములో దిగినా ఆ జాగాకు డబ్బు కట్టినట్టే లెక్క. రూము ఖర్చు మొత్తం అదనం. ఈ ఒక్క లెక్క తెలియక చాలామంది టెంటు ఖర్చునూ రూము ఖర్చునూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అసలు రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. కంచె బయట పరుపులు, దీపాలు, స్నానాల గదులతో టెంట్లు వేసి అద్దెకిచ్చేవాళ్లు ఇద్దరి దగ్గర వేల పౌండ్లు తీసుకుంటారు. నా దృష్టిలో అది టెంటూ కాదు, రూమూ కాదు. పెళ్లి పందిట్లో సోఫా వేయించుకుని కూర్చున్నట్టుంటుంది. పండగ వాళ్లే ముందుగా వేసి ఉంచే టెంట్లు మాత్రం వేరే సంగతి. మన దేశం నుంచి విమానంలో వెళ్లేవాళ్లు పన్నెండు కిలోల టెంటు మోసుకుపోవడం కన్నా అవి నయం.

రెండు రాత్రులు నేల మీద

కాజిల్ కేరీ స్టేషన్‌లో రైలు దిగి, అక్కడి నుంచి షటిల్ బస్సెక్కి లోపలికి చేరేసరికి బుధవారం మధ్యాహ్నం దాటింది. పొద్దున ఎనిమిదికి గేట్లు తీయగానే మంచి జాగాలన్నీ పోయాయి. మా పిల్ల మాత్రం తొందరపడలేదు. పల్లంలో ఖాళీ కనిపించినా అటు పోలేదు. 2005లో శుక్రవారం తెల్లవారుజామున పడ్డ గాలివానకు పల్లపు చేలల్లో టెంట్లు కప్పుల దాకా మునిగిపోయాయి. దోసెల ఆకారంలో నీళ్ల మీద తేలుతున్న టెంట్ల ఫొటోలు అక్కడికి పోయే ప్రతివాళ్లూ చూసే ఉంటారు. ‘నీళ్లు ఎటు పారతాయో చూసి వెయ్యాలి’ అంటూ వాలులో సగం ఎత్తున జాగా చూసింది. మరుగుదొడ్లకు మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా. అర్ధరాత్రి రెండింటికి యాభై రెండేళ్లవాడికి ఆ దూరం విలువ తెలుస్తుంది.

మరుగుదొడ్ల ముచ్చట దాటవేస్తే ఈ కథనం అబద్ధమవుతుంది. అక్కడివాళ్లు ‘లాంగ్ డ్రాప్’ అంటారు. కింద పెద్ద తొట్టి, పైన వరసగా తలుపులు, పైకప్పు ఉండదు. పైకప్పు లేకపోవడమే మేలు, గాలి ఆడుతుంది. పొట్టు చల్లే ఎరువు దొడ్లు వేరే ఉన్నాయి, వాటిలో వాసన తక్కువ. నీళ్లు మాత్రం ఎక్కడా లేవు. చెంబు అలవాటున్నవాళ్లం కనుక ఇద్దరం చెరో ప్లాస్టిక్ సీసా కేటాయించుకున్నాం, పొరబాటున తాగకుండా మూతకు ఎర్ర టేపు చుట్టి. పొలంలో ఎక్కడపడితే అక్కడ మూత్రం పోయొద్దని ఊరంతా బోర్డులు. పారే వాగులో చేపలు చస్తాయట, మేసే ఆవులు తర్వాత తిరిగొస్తాయట.

జూన్ నెల కదా అని నేను సన్నని దుప్పటి తెచ్చుకున్నాను. రాత్రి రెండుకు వణుకు పుట్టింది. స్లీపింగ్ బ్యాగులో దూరి, సాక్సుల మీద సాక్సులు తొడిగి, చివరికి టవలు మెడకు చుట్టుకున్నా. అయిదు గంటలకు తెల్లారింది. ఆరింటికి వేడి మొదలైంది. ఏడింటికి టెంటు లోపల ఇడ్లీ పాత్రలో ఉన్నట్టే. ఆ ఏడు ఎండ కాసింది కనుక బురద లేదు, ఆ మేరకు మా అదృష్టం. పడుకోనివ్వని టెంటును తిట్టుకుంటూ బయటికొస్తే, పక్క టెంటులో వేల్స్ నుంచి వచ్చిన ముసలి దంపతులు టీ కాస్తున్నారు. చెరో కప్పు ఇచ్చారు. బదులుగా మా పిల్ల పులిహోర, పక్కనే ఆవకాయ పెట్టింది. పెద్దాయన పచ్చడి చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకో చెంచా అడిగాడు.

తలుపు తాళం వేసి ఉంది

శుక్రవారం నుంచి నా రూము కథ. పది మైళ్ల అవతల ఒక చిన్న ఊళ్లో, పైన నాలుగు గదులు, కింద పబ్బు. కంచె దాటి మళ్లీ లోపలికి రావడానికి చేతి పట్టీతో పాటు గేటు దగ్గర ఇచ్చే చీటీ ఉండాలి. అది జేబులో భద్రంగా దాచుకున్నాను. సాయంత్రం వెళ్లి వేడినీళ్ల కింద చాలాసేపు నిలబడ్డాను. ఆ సుఖాన్ని తక్కువ చేసి మాట్లాడను. జుట్టులోంచి, చెవుల వెనక నుంచి ఎర్రని దుమ్ము కారిపోయింది. తెల్లని పక్క మీద వాలాను. రెండు నిమిషాలే అనుకున్నవాణ్ని లేచేసరికి అర్ధరాత్రి రెండు గంటలైంది. అలా శుక్రవారం రాత్రి పండగ అంతా పోయింది.

శనివారం పట్టుదలగా ఉండిపోయాను. పెద్ద వేదిక మీద పాట పదకొండున్నర ప్రాంతంలో ఆగింది. అప్పుడు తెలిసింది ఆ ఉత్సవంలో సగం అప్పుడే మొదలవుతుందని. ఆగ్నేయ మూలన రాత్రంతా ఆడే వేదికలున్నాయి. కొండ వాలులో నిలువు రాళ్ల వలయం ఉంది, 1992లో పాతినవి, అక్కడ చలిమంటల చుట్టూ కూర్చుని తెల్లవారేదాకా గడుపుతారు. మా పిల్ల అటు పోతోంది. నేను టాక్సీ కోసం ఇటు. చీకట్లో, జనంలో, గేటు దాకా నడక నలభై ఐదు నిమిషాలు. టాక్సీ వరసలో ఇంకో గంట. ఊరు చేరేసరికి రెండు దాటింది. వీధి తలుపుకు తాళం. ఆలస్యంగా వచ్చేవాళ్లకు వేరే తాళం చెవి ఇస్తామని బుకింగ్ అప్పుడు చెప్పారు, ఇవ్వడం మరిచారు. గంట కొట్టాను, ఫోన్ చేశాను. పబ్బు ముందు పూల కుండీల పక్కన బల్ల మీద కూర్చున్నాను. అరగంట తర్వాత ఎవరో పైనున్న అతిథే దిగివచ్చి తలుపు తీశాడు. వీధి బల్ల మీద చలికి కూర్చోవడానికి రాత్రికి నేను కట్టింది టెంటు ఖరీదు కన్నా ఎక్కువ.

మర్నాడు ఆమె రాళ్ల దగ్గర సూర్యోదయం చూసిన సంగతి చెప్తుంటే వింటూ కూర్చున్నాను. నాకు అసూయ కలిగిన మాట నిజం.

ఆ రాత్రి తర్వాత రూము వెతికే పద్ధతే మారిపోయింది నాకు. మనం పరుపు, ఏసీ, టిఫిను చూస్తాం. ముందు చూడాల్సింది ఆఖరి పాట అయ్యాక ఆ పక్క దాకా చేరే దారి. ఎంత నడవాలి, బండి ఎన్నింటి దాకా దొరుకుతుంది, తలుపు ఎవరు తీస్తారు. దారి చిన్నదైతే రూము కన్నా గొప్పది లేదు. పొడుగైతే ఎంత మెత్తని పరుపైనా దండగే.

ఊరు మారితే లెక్క మారుతుంది

బార్సిలోనాలో ప్రిమవేరా సౌండ్ జరిగేది ఊరి అంచున, సముద్రం ఒడ్డున పార్క్ దెల్ ఫోరమ్‌లో. అక్కడ టెంట్లు వేయనివ్వరు. పక్కనే మెట్రో, శనివారం రాత్రి మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది. అక్కడ టెంటా రూమా అన్న మీమాంసే లేదు. బుడాపెస్ట్‌లో 1993 నుంచి జరుగుతున్న సిగెట్ డాన్యూబ్ నది మధ్య దీవిలో ఉంటుంది. దీవి మీద టెంటు వేసుకోవచ్చు, వంతెన దాటి లోకల్ రైలెక్కితే నగరంలో చవక హాస్టళ్లు, వేడినీటి బుగ్గల స్నానశాలలు. నేనైతే నగరమే అంటాను, ఆగస్టు ఎండలో టెంటు ముచ్చట నాకు వద్దు.

జపాన్ ఫుజీ రాక్ ఇంకా చిత్రం. 1997లో మొదటిసారి ఫుజీ కొండ కింద పెడితే తుపాను వచ్చి రెండో రోజు రద్దయింది. 1999 నుంచి నిగాటా కొండల్లో నయేబా అనే మంచు క్రీడల ఊళ్లో చేస్తున్నారు. గేటు పక్కనే ప్రిన్స్ హోటల్, అందులో గది దొరకడం గుళ్లో ప్రత్యేక దర్శనం దొరికినంత. మిగతావాళ్లకు టెంట్లు వేసుకునే జాగా గోల్ఫ్ మైదానం వాలులో. అంతా ఏటవాలే కనుక తల పైకి పెట్టి పడుకున్నవాడు పొద్దున్న లేచేసరికి కిందికి జారి ఉంటాడు. గేటు పక్కన గది దొరికితే ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, తీసుకోవడమే.

టెంటును గుడ్డిగా పొగిడేవాళ్లకు 2023 ఆగస్టు వాకెన్ గుర్తు చేయాలి. ఉత్తర జర్మనీలో ఆ పల్లెలో మెటల్ సంగీతానికి 85,000 టికెట్లు అమ్ముడయ్యాయి. వాన దంచి కొట్టేసరికి చేలు బురదగుంటలై బండ్లు దిగబడ్డాయి. లోపలికి పంపడం ఆపేశారు, దారిలో ఉన్న వేల మందిని వెనక్కి మళ్లమన్నారు. సౌకర్యాన్ని గుడ్డిగా నమ్మేవాళ్లకేమో 2017 ఏప్రిల్ బహామాస్ చాలు. ఫైర్ ఫెస్టివల్ అంటూ విల్లాలు చూపించి డబ్బు గుంజారు. దిగేసరికి తుపాను బాధితులకు వేసే రకం డేరాలు, వానకు తడిసిన పరుపులు, డబ్బాలో జున్ను ముక్క పెట్టిన బ్రెడ్డు. పెట్టినవాడికి తర్వాతి ఏడాది ఆరేళ్ల జైలుశిక్ష పడింది.

మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో తిరకాసుంది. యూరప్‌లో చాలా దేశాలకు కావలసిన షెన్‌గెన్ వీసాకు బస ఎక్కడో కాగితం చూపించాలి. టెంటు వేసుకుంటాం అని నోటితో చెప్తే సరిపోదు, క్యాంపింగ్ బుకింగ్ కాగితం, దానికి ముందూ వెనకా రాత్రులకు హోటల్ కాగితాలు పెట్టుకోవడం మంచిది. ఇక ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, పసిపిల్లలున్నవాళ్లు నాలా పౌరుషానికి పోవద్దు. ఆ ఇడ్లీ పాత్రలో మందు పాడవుతుంది.

ఆదివారం

ఆదివారం పొద్దున రూము తాళం ఇచ్చేసి, సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చాను. టెంటు ముందు ఆమె పళ్లు తోముకుంటోంది. నన్ను చూసి నోట్లో నురగతోనే నవ్వింది, ఏమీ అడగలేదు. వేల్స్ పెద్దాయన మాత్రం ‘పచ్చడి ఉందా?’ అన్నట్టు సైగ చేశాడు.

ఆ రాత్రి పెద్ద వేదిక మీద ఎల్టన్ జాన్. బ్రిటన్‌లో తన వీడ్కోలు కచేరీల్లో ఆఖరిది అదే. మా వాలు మొత్తం ఆయనతో పాటు పాడుతోంది, నాకు మాటలు రాకపోయినా గొంతు కలిపాను. అయ్యాక జనం కదలడానికే గంట పట్టింది. మాకు తొందర లేదు. టెంటు పది నిమిషాల దూరం.

సోమవారం ఏడింటికి పొలమంతా జిప్పుల చప్పుడు, మేకులు పీకే చప్పుడు. తెచ్చిన సరుకు ఏదీ పొలంలో మిగలకూడదని వాళ్ల నియమం. మేకు ఒక్కటి మట్టిలో ఉండిపోయినా ఆవు గిట్టలో దిగుతుందని, మేతతో కడుపులోకి పోతుందని. మాకు పన్నెండు మేకులు. పదకొండు వచ్చాయి. ఎండకు రాయిలా గట్టిపడ్డ నేలలో పన్నెండోది కదలలేదు. మా పిల్ల ఆవకాయ చెంచా తెచ్చి దాని చుట్టూ మట్టి తవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని నేనూ ఓ చెయ్యి వేశాను.