కొనునాడే అమ్మకపు చింత

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత కారు కొనబోవువారి విషయమున నిత్యమును నిజమగుచున్నది. అడ్వాన్సు కట్టకమునుపే, కుటుంబమునంతను తీసికొనిపోయి బండి చూపకమునుపే, తిరువూరి గృహస్థుడు మొట్టమొదట అడుగు ప్రశ్న "దీనికి రీసేల్ ఉంటుందా అండీ?" అనునదే. దీనిని పిసినారితనమని నవ్వి త్రోసివేయరాదు. మధ్యతరగతి కుటుంబమునకు ఇంటి తరువాత అంత పెద్ద వ్యయము కారే. కాని ఇల్లు సాధారణముగా పెరుగు సొత్తు, కారు నిశ్చయముగా తరుగు సొత్తు.

ఈ తరుగుదలకు బీమావారు ఒక పట్టిక ఏర్పరచుకొనియున్నారు: ఆరు మాసములలోపు 5 శాతము, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, అటుపిమ్మట ఏటేట పది చొప్పున పెరిగి అయిదవయేట 50 శాతము. పట్టిక అన్ని కార్లకును ఒక్కటే గాని బజారు మాత్రము దానిని లక్ష్యపెట్టదు. ఒకే యేట, ఒకే ధరకు కొన్న రెండు బండ్లలో ఒకటి బేరమునకు పెట్టిన వారములోనే చేయి మారును. రెండవది వాకిట వేపచెట్టు క్రింద ఆకులు రాల్చుకొనుచు నెలల తరబడి నిలిచియుండును.

ఈ భేదమునకు మూలము బండి అందచందములయందు గాక దానిని బాగుచేయు చేతులయందున్నదని నా అభిప్రాయము. మైలవరము మీదుగా తిరువూరు దాటి భద్రాచలము వైపు సాగు 30వ నెంబరు జాతీయ రహదారిపై బండి ఆగిపోయినచో, దగ్గరి మెకానిక్కు దాని బానెట్టు ఎత్తుటకు జంకకుండవలెను. కావలసిన సామాను విజయవాడ ఆటోనగరునుండి ఆనాటి బస్సులోనే రావలెను. మారుతి చిన్నకార్లకు, టయోటా ఇన్నోవాకు గల గిరాకీ రహస్యమిదే. ఇందుకు ప్రతికూలమైన దృష్టాంతములును కలవు. షెవ్రొలే కార్లు విక్రయించిన జనరల్ మోటార్సు 2017లో మన దేశమున అమ్మకములు మానుకొనెను. ఫోర్డు 2021లో ఇక్కడ ఉత్పత్తి చాలించుచున్నట్లు ప్రకటించెను. ఫోర్డు బండి గట్టిదనమును మెచ్చుకొననివారు అరుదు. అయినను రేపు విడిభాగము దొరకునో దొరకదో యను శంక ఒకటి చాలును, ధరను క్రిందికి లాగుటకు.

శంకకు గల ఈ బలమును జార్జి అకర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు 1970లోనే పాతకార్ల బజారునే ఉదాహరణముగా గైకొని వివరించెను. 2001లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. బండి లోగుట్టు అమ్మువానికే తెలియును. కొనువాడు మంచిచెడ్డలు విడదీయలేక నడిమి ధర చెప్పును. ఆ ధరకు మంచిబండి గలవాడు అమ్మనొల్లడు. కడకు బజారున మిగులునవి నాసిరకములే. మన ప్రాంతమున దీనికి వరదలు సాక్ష్యము పలికినవి. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు విజయవాడ సింగ్‌నగరును, మున్నేరు ఖమ్మము లోతట్టు కాలనీలను ముంచినపుడు ఎన్నో వాహనములు నీటిపాలైనవి. అట్టి బండ్లను కడిగి, పాలిష్ పట్టి, అత్తరు చల్లినచో పైచూపునకు దోషము తెలియదు. సీటుబెల్టును కడదాక బయటికి లాగి చూడవలెను, దాని కొనయందు బురదచార కానవచ్చును. డిక్కీలో స్టెప్నీ ఎత్తి అడుగున వేలు పెట్టి చూడవలెను. మొదటినుండి సర్వీసు కాగితములు భద్రపరచినవానికి పదివేలు ఎక్కువ ముట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

తిరువూరికి సరిహద్దు చిక్కొకటి అదనము. రాష్ట్రము విడిపోయిన 2014 జూన్ 2కు పూర్వము, సరిహద్దు ఆవలి పెనుబల్లి బండియైనను తిరువూరి బండియైనను ఒకే రాష్ట్రపు బండి. నేడు అటువైపు కారు చవుకగా కనబడినను, ఎన్.ఓ.సి. తెచ్చి, ఇక్కడ మరల లైఫ్ టాక్స్ కట్టి, నెంబరు మార్పించునప్పటికి ఆ చవుక యంతయు కరగిపోవచ్చును.

ఇంతకును రీసేల్‌ను చూచియే కారు కొనవలెనా? ఒక లెక్క వేయుదము. పది లక్షల బండి అయిదేండ్లకు ఆరు లక్షలు, ఎనిమిదిన్నర లక్షల బండి నాలుగు లక్షలు పలికినవనుకొందము. మొదటిదానిపై నష్టము నాలుగు లక్షలు, రెండవదానిపై నాలుగున్నర; ఖరీదైనదే చవుకయైనది. అవే బండ్లను పన్నెండేండ్లు వాడి రెండు లక్షలకు, ఒక లక్షకు అమ్మినచో నష్టములు ఎనిమిది, ఏడున్నర లక్షలై లెక్క తిరుగబడును. కావున అయిదేండ్లకొకమారు బండి మార్చువానికి రీసేల్ ముఖ్యము. మామిడితోటల బాటలలో పన్నెండేండ్లు త్రిప్పదలచిన రైతు, ముక్కుమొగము తెలియని భావి కొనుగోలుదారునికి నచ్చునని తనకు గిట్టని తెల్లరంగు తీసికొనుట నాకు వింతగానే తోచును.

పైగా రేపటి ధర మన చేతిలోనిది కాదు. 2025 సెప్టెంబరు 22న చిన్నకార్లపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18కి దిగి, దానిపైనున్న సెస్సు కూడ తొలగినంతనే, కొత్తబండి ధరతో పాటు పాతబండి ధరయు తగ్గక తప్పలేదు. అంతకు ముందు నెలలోనే చిన్నకారు కొన్నవాడు ఏ కంపెనీని ఎంత ఆచితూచి ఎంచుకొన్నను ఆ దెబ్బ తప్పించుకొనుటకు వీలులేకపోయెను.